పైగదుల గోల

మూలకుళం, పుదుచ్చేరి
9 ఆగస్టు 1987

అత్తయ్యకు నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం అని రాయడం లేదు. అది నిజం కాదు గనక. మామయ్య గుండె సరిగ్గా లేదు.

ఈ సంగతి నీకు రాయొద్దని ఆయన నాచేత ఒట్టు వేయించుకోబోయారు. నేను వెయ్యలేదు. కడుపుతో ఉన్న నాగకుమారి వదినని మంచం దిగొద్దన్నారనీ, నువ్వు తన పక్కనుంచి కదలలేవనీ, ఈ కబురు తెలిస్తే తల్లీ కూతుళ్లిద్దరూ బెంగపెట్టుకుంటారనీ ఆయన వాదన. ఆడవాళ్ల గుండెలు మైనపు ముద్దలనుకునే పాతకాలపు మొగవాడి వాదన అది. దాచిన నిజం కుళ్లుతుంది, అత్తయ్యా. మా విజ్ఞాన వేదిక మొదటి కరపత్రంలో మొదటి వాక్యం ఇదే, రాసింది నేనే.

నాలుగేళ్ల కిందట మామయ్యని యానాం నుంచి ఇక్కడి ఆఫీసుకు బదిలీ చేసినప్పుడు, లా కాలేజీ వంక పెట్టి నన్ను ఆయన వెంట పంపింది నువ్వే. 'వంటకి తోడు' అన్నావు. కాబట్టి కళ్లతో చూసింది నీకు చెప్పడం నా బాధ్యత.

పోయిన ఆదివారం బీచి రోడ్డు పక్క మైదానంలో ఇనపగుండ్ల ఆట ఆడుతున్నారు. ఫ్రెంచివాళ్లు వదిలిపోయిన వాటిలో మామయ్యకి నచ్చింది ఇదొక్కటే. చిన్న చెక్క గోళీకి ఎవరి గుండు దగ్గరగా పడితే వాళ్లు గెలిచినట్టు. మామయ్య ఎడమచెయ్యి ఎత్తారు, గుండు విసరలేదు. అలాగే కిందపెట్టి నేలమీద కూర్చుండిపోయారు. ఆయన జట్టు మనిషి, మురుంగపాక్కంలో ఉండే ఏలుమలై, పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "ఏంది సామీ, నాడి ఇట్లా ఉరకతా ఉండాది, దొంగల్ని తరిమినట్టు?" అన్నాడు. నేనూ పట్టుకు చూశాను. రెండు గబగబా, ఒకటి ఆగి, మళ్లీ నాలుగు ఒకదాన్నొకటి తోసుకుంటూ. తిరనాళ్లలో జనంలాగ.

అప్పుడు బయటపడింది, ఏడాదిగా మాత్రలు మింగుతున్నారని. ఒక మాత్ర పనిచెయ్యలేదు, ఇంకోటి గొంతులో గ్రంథిని పాడుచేసింది. పెద్దాసుపత్రి డాక్టర్ తిలగం ఇక మాత్రల వల్ల కాదు, మద్రాసు వెళ్లండి అంటోంది. అక్కడ కొత్త వైద్యం వచ్చిందట. గుండెలో ఒకచోట కరెంటుతో కాలుస్తారట. మామయ్య నవ్వేసి, 'మీ అత్త ఒప్పుకోకుండా చొక్కా కూడా కొననివాణ్ణి, గుండె కాల్పించుకుంటానా' అన్నారు. నీకు చెప్పనివ్వరు, నువ్వు ఒప్పుకోందే కదలరు! ఈ ముడి నేను తెంపుతున్నాను. జవాబు రాయి.

కామరాజు


యానాం
16 ఆగస్టు

చిరంజీవి కామరాజుకు అత్తయ్య ఆశీస్సులు. మేం క్షేమం. చూశావా, రెండే మాటలు. చెయ్యేమీ పడిపోలేదు.

ఒరేయ్, క్షేమం అన్న మాట లేకుండా ఉత్తరం మొదలుపెట్టొచ్చని ఏ పుస్తకంలో చదివావురా? మన వీధిలో అలాంటి ఉత్తరం వచ్చిందంటే చదవకముందే ఏడుపు మొదలెడతారు. నాగకుమారి పక్కనే పడుకుని ఉంది. "కామరాజు ఏం రాశాడమ్మా, పైకి చదువు" అంది. చదివాను. మీ మామయ్య ఆటలో ఏలుమలై మీద గెలిచాడనీ, నువ్వు గుత్తొంకాయ కూర మాడబెట్టావనీ, పక్కింటి అమృతవల్లి వచ్చి గిన్నె తోమి పెట్టిందనీ రాశావు. చాలా బాగా రాశావు. పిల్ల పడీ పడీ నవ్వింది.

నీ మామయ్య సంగతి నువ్వు చెప్పాలా? పోయిన జూన్‌లో వచ్చినప్పుడు రెండో తలగడ అడిగాడు. ముప్ఫై ఏళ్లలో ఎన్నడూ అడగలేదు. గోదారి గట్టెక్కేటప్పుడు 'నువ్వు నడుస్తూండు, నేను నీళ్లు చూస్తాను' అని మెట్టుమెట్టుకీ నిలబడ్డాడు. చిన్నప్పట్నుంచీ చూస్తున్న నీళ్లే. ఆయన దాచాడు, నేను దాచనిచ్చాను.

సరే, కాల్చడమంటున్నావు. మూడు సంగతులు అడిగి రాయి. బాగా ఉన్నదాన్ని కాల్చడమేమిటి? కాల్చాక గుండె ఎలా ఆడుతుంది? కాల్చింది మళ్లీ అతుక్కుంటుందా? డాక్టరు ఏం చెప్తే అది రాయి. నీ ఉపన్యాసం అక్కర్లేదు.

మంగాయమ్మ


పుదుచ్చేరి
6 సెప్టెంబరు

అత్తయ్యకు నమస్కారాలు.

బస్సెక్కించి మద్రాసు తీసుకెళ్లాను. దారంతా నన్ను తిడుతూనే వచ్చారు, నీకు రాసినందుకు. తిండివనం దాటాక ఆయాసం వచ్చి తిట్లు ఆపారు. నాకు తిట్లే నయమనిపించింది.

పెద్ద డాక్టరు కాగితం మీద బొమ్మ వేసి చెప్పారు. గుండెకి పైన రెండు గదులు, కింద రెండు. పైగదులు తీరుగా కొట్టుకుంటూ కిందికి కబురు పంపితే, కిందిగదులు రక్తాన్ని ఒళ్లంతా తోస్తాయి. రెండింటి మధ్యా చిన్న ముడి ఉంది, కబురు దించేది అదే. మామయ్యకి పైగదులు కొట్టుకోవడం మానేసి వణుకుతున్నాయి. వణుకులన్నీ వచ్చి ముడి మీద పడుతుంటే, అది చేతనైనన్ని కిందికి తోసేస్తోంది. పాపం కిందిగదులు దిక్కుతోచక, రక్తం నిండకముందే పిండుతున్నాయి. ఆయాసం అందుకు. ఇది నీ మొదటి ప్రశ్నకి. ముడి మంచిదే గానీ ఇప్పుడది చేస్తున్నది చేటు.

మామయ్యకి మత్తిస్తారు. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి తీగ గుండెదాకా పోనిచ్చి, దాని కొస ముడికి ఆనించి ఒక్క కరెంటు దెబ్బ. కోత లేదు, రొమ్ము తెరవడం లేదు. ముడి మాడిపోతుంది. ఇక కిందిగదుల్ని నడపడానికి భుజం కింద, చర్మం లోపల, చిన్న బ్యాటరీ మిషను పెడతారు. అది తీగగుండా నిమిషానికి డెబ్బై సార్లు 'ఊఁ' అంటుంది, గుండె ఆడుతుంది. ఇది రెండోదానికి.

మూడోది. అతుక్కోదు, అత్తయ్యా. అతుక్కోకూడదనే కాల్చేది. ఆ తర్వాత బతుకంతా మిషను మీదే. బ్యాటరీ కొన్నేళ్లకోసారి మార్చాలి. వెనక్కి దారి లేదు. నీకు ఇది దాచను.

"పైగదుల సంగతి కూడా ఒకటి చెప్పాలి..." అని డాక్టరు ఇంకేదో మొదలుపెట్టారు. ఒక్కటే తిప్పి తిప్పి చెప్తారు వీళ్లు. "గుండె మీద నేను కరపత్రమే రాశానండీ, మిగతాది నాకు తెలుసు" అన్నాను. ఆయన నవ్వి కలం మూత పెట్టారు.

ఒకచోట మాత్రం గొడవపడ్డాను. మిషను ఎడమ భుజం కింద పెడతామన్నారు, అందరికీ అక్కడేనట. లేచి నిలబడి బల్ల గుద్దాను. "మా మామయ్యది ఎడంచేతి వాటం సార్! గుండు విసిరేది ఆ చేత్తోనే! మనిషిని చూసి వైద్యం చేస్తారా, పుస్తకం చూసి చేస్తారా?" అన్నాను. నర్సు హడలిపోయింది. ఆయన, "ఎందుకయ్యా అరుస్తావు, కుడివైపు పెడితే సరి" అన్నారు. బయటికొచ్చాక మామయ్య, 'మొదటిసారి నీ నోరు ఒకరికి ఉపయోగపడిందిరా' అన్నారు.

వణుకు పోతుంది, మామయ్య మనకి మునుపటిలా దక్కుతారు. ఇది సైన్సు, అత్తయ్యా, తాయెత్తు కాదు. నా మాట మీద ఒప్పుకో.

కామరాజు


యానాం
13 సెప్టెంబరు

చిరంజీవి కామరాజుకు ఆశీస్సులు. ఇక్కడ క్షేమం.

ఆలోచించాను. వెనక్కి దారి లేదన్న ముక్క దాచకుండా రాశావు చూడు, అందుకు ఒప్పుకుంటున్నాను. నీ సైన్సుకి కాదు. వేరే కాగితం మీద సంతకం చేసి ఇందులో పెట్టాను. ఆయన కళ్ల ముందు పెట్టు.

పక్కన కూర్చోవలసిన మనిషిని నేను. ఇక్కడ నాగకుమారి కాలు కింద పెడితే కళ్లు తిరుగుతున్నాయంటోంది. కాబట్టి నా కళ్లు నువ్వే. ఆయనకి తొందరపెట్టకు. మత్తులోంచి లేవగానే కాఫీ అడుగుతాడు, ఇవ్వొచ్చో లేదో ముందే కనుక్కో. డాక్టర్లతో దెబ్బలాడకు. ఆడినా, బల్ల గుద్దకు.

నాగకుమారికి ఈ ఉత్తరంలో ఉన్న సంగతి కూడా తెలియదు. నువ్వు పరీక్షకి ఫీజు కట్టడం మర్చిపోయావని తిడుతూ రాస్తున్నానని చెప్పాను.

మంగాయమ్మ


మద్రాసు
25 సెప్టెంబరు

అత్తయ్యా!

అయిపోయింది. దిగ్విజయం!

లోపలికి నన్ను రానివ్వలేదు. అద్దం తలుపు బయట నిలబడ్డాను. దెబ్బ కొట్టినప్పుడు మంచం మీద మనిషి ఒక్కసారి ఎగిరిపడ్డట్టు కనిపించింది. కాసేపటికి డాక్టరు బయటికొచ్చి, మాస్కు దించి, బొటనవేలు ఎత్తి చూపారు. నువ్వు వద్దన్నావు గనక గుద్దడానికి బల్ల వెతకలేదు. ఆయన చేతులే పట్టుకుని ఊపేశాను.

మామయ్య కళ్లు తెరిచి, "మొదలెట్టారా?" అన్నారు. అయిపోయిందంటే నమ్మలేదు. తర్వాత మాట, నువ్వు చెప్పినట్టే, కాఫీ.

మిషను కుడివైపు పెట్టారు. ఎడమచెయ్యి పట్టుకు చూశాను. తొక్కిసలాట లేదు, ఒకదాన్నొకటి తోసుకోవడం లేదు. గోడ గడియారం! రాత్రి ఒక్క తలగడ మీదే పడుకున్నారు. రెండోది నేను తీసుకున్నాను.

చెప్పానా లేదా?

కామరాజు


పుదుచ్చేరి
8 అక్టోబరు

అత్తయ్యా,

నిన్న కొట్టిన తంతి ఈపాటికి అంది ఉంటుంది. మోసపోయాం. నా మాట మీద నువ్వు సంతకం పెట్టావు, నేను నిన్ను మోసపోనిచ్చాను.

కుట్లు చూపించుకుందామని డాక్టర్ తిలగం దగ్గరికి తీసుకెళ్లాను. గుండె పటం, అదే ఈసీజీ, తీసింది. ఆ పొడుగాటి కాగితం వేళ్లమధ్య జారవిడుస్తూ, ఎండ కాస్తోంది అన్నంత తేలిగ్గా, "పైగదుల వణుకు అలాగే ఉందిలే, రక్తం పలచబడే మాత్ర మాత్రం మానకండి" అంది. అలాగే ఉందట! మంచి ముడిని బూడిద చేసి, మనిషిని బ్యాటరీకి కట్టేసి, జబ్బుని మాత్రం చెక్కుచెదరకుండా వదిలేశారు! గదిలో అందరూ వినేలా అడిగేశాను, ఇది వైద్యమా, పేదవాళ్ల మీద ప్రయోగమా అని. మామయ్య నన్ను రెక్కపట్టుకుని బయటికి లాక్కొచ్చారు. ఆ విసురుకి చొక్కా కుట్టు ఊడింది.

నేరుగా తంతి ఆఫీసుకి వెళ్లాను. అక్కణ్ణుంచి అచ్చాఫీసుకి. 'గుండెలు కాల్చే వ్యాపారం' అని కరపత్రం తెలుగులో వేయించాను, తమిళంలో రేపు. కట్టలు మన ఇంట్లో పెడితే మామయ్య చూస్తారని అమృతవల్లక్క అరుగు మీద దాచాను. ఆమెకి తెలుగు మాటే గానీ అక్షరం రాదు, భయం లేదు.

ఆమెకి విషయం చెప్తే ఏమందో విను. "ఏంది తమ్ముడూ, ఆయనేమో మిద్దె మెట్లెక్కి ఆరేసిన గుడ్డలు తీసకొస్తా ఉండాడు. నిన్న నా మనవడితో పందెం కట్టి వీధి కొసదాకా నడిచినాడు. నువ్వేమో పోయె పోయె అంటుండావు. యాడ జూసి చెప్తా ఉండావు, కాయితం జూసా, మనిసిని జూసా?" అంది. చదువు లేకపోతే ఇంతే, పైపై మెరుగులు చూసి మోసపోతారు. నేను మోసపోను.

డాక్టర్ని కోర్టుకి ఈడుస్తాను. నీకు నా మొహం ఎలా చూపించాలో తెలియడం లేదు.

కామరాజు


కాకినాడ, ఆసుపత్రి
19 అక్టోబరు

కామరాజూ,

ముందు నేను అడిగినవాటికి జవాబు చెప్పు. మీ మామయ్య ఎన్ని తలగడల మీద పడుకుంటున్నాడు? మెట్లెక్కి మాట్లాడుతున్నాడా, మాట్లాడటానికి ఆగుతున్నాడా? నిన్ను రెక్కపట్టి బయటికి లాగాడన్నావే, చొక్కా కుట్టు ఊడేంత విసురుగా, అప్పుడు ఆయాసపడ్డాడా? ఆగస్టులో గుండు విసరలేని చెయ్యే కదా అది. నువ్వు గింజుకుంటుంటే లాక్కొచ్చిందంటే, ఒరేయ్ వెర్రి నాగన్నా, నీ చొక్కాని అడుగు ఆపరేషన్ పనిచేసిందో లేదో.

ఇక నీ తంతి కథ విను. బట్టలు తీసుకుందామని ఆ పూటే యానాం ఇంటికి వెళ్లాను. గుమ్మంలో తంతి మనిషి. తంతి అంటే మన వీధికి ఒకటే అర్థం. ఎదురింటావిడ పొయ్యిమీద అన్నం దించేసి నీళ్లు కొట్టింది. ఇంకో ఇంటి ఆయన కండువా వేసుకుని బయల్దేరాడు. ఇంగ్లీషు నాకు రాదు, తంతి మనిషే గుసగుసగా చదివాడు: ఆపరేషన్ ఫెయిల్, హార్ట్ సేమ్. ముందు నాకు అర్థమైంది ఒక్కటే, మనిషి ఉన్నాడు. పోతే ఆ ముక్కే రాసి ఉండేవాడివి. తంతి రొంటిన దోపుకుని, వీధి వైపు తిరిగి, "మా ఆయనకి ప్రమోషన్ వచ్చింది" అన్నాను. పొయ్యి ఆర్పినావిడకి కోపం వచ్చింది, బెల్లం ముక్క ఇస్తే చల్లబడింది.

ఎందుకలా అన్నానంటే, అప్పటికి నాగకుమారి ఇక్కడ ఆసుపత్రిలో ఉంది. నీ 'దిగ్విజయం' అందిన మర్నాడే నొప్పులొచ్చాయి. ఎనిమిదో నెల. ఆడపిల్ల. గుప్పెడంత. గాజుపెట్టెలో పెట్టారు. ఎనిమిదో నెల పిల్ల నిలవదని వచ్చినవాళ్లందరూ దాని తల్లి చెవిన పడేలాగే అన్నారు. నేను మీకు రాయలేదు. మీ మామయ్యకి కుట్లు పచ్చిగా ఉన్నాయి, నువ్వు బల్లలు గుద్దే మనిషివి. మీ ఇద్దరికీ రాసి నేనేం బావుకోను? ఇక్కడ పిల్ల వణుకు మీదాకా రానివ్వలేదు. నీ తంతి వణుకు దాని తల్లి దాకా పోనివ్వలేదు. మధ్యలో నేనున్నాను.

గాజుపెట్టె దగ్గర కూర్చుని నీ సెప్టెంబరు ఉత్తరం మళ్లీ చదివాను. ముడిని కాల్చేది కబురు కిందికి దిగకుండా అని డాక్టరు చెప్పినట్టు నువ్వే రాశావు. పైగదుల వణుకు మానుతుందని ఆయన అన్నట్టు ఎక్కడా లేదు. ఆ ముక్క చివర్లో నువ్వన్నది. ఆయన ఏదో చెప్పబోతే అడ్డుపడ్డానని కూడా రాశావు. వెళ్లి ఆ మాట ఏమిటో అడుగు. చేతులు కట్టుకుని విను.

పిల్లని మొన్న పెట్టెలోంచి తీశారు. పాలు పట్టుకుంటోంది. ఇక భయం లేదన్నారు. ఈ సంగతంతా మీ మామయ్యకి చెప్పాలో అక్కర్లేదో నువ్వే తేల్చుకో. నేను ఇన్నాళ్లూ మోశాను, ఇప్పుడు నీ వంతు.

అన్నట్టు, మేం క్షేమం.

మంగాయమ్మ


పుదుచ్చేరి
27 అక్టోబరు

అత్తయ్యకు, వదినకు, ఇంకా పేరు పెట్టని పాపకు,

ముందు నీ ప్రశ్నలు. ఒక్క తలగడ. మెట్లెక్కుతూనే మాట్లాడుతున్నారు, ఎక్కువగా నన్నే. ఆయాసపడలేదు.

డాక్టర్ తిలగం నన్ను చూడగానే నర్సుని కేకేసి బల్ల మీది గాజు సామాను తీయించింది. చేతులు కట్టుకుని అడిగాను. "పైన గోల ఉంటుందయ్యా, పోదు. కింద వినపడదు, అంతే. అందుకే మాత్ర మానొద్దన్నాను, వణికే గదిలో రక్తం గడ్డకడుతుంది. మద్రాసులో చెప్పలేదా?" అంది. చెప్పబోయారు, నేనే వినలేదన్నాను. ఆమె పడీ పడీ నవ్వింది. నవ్వితే నవ్వింది. ఆ రోజు గదిలో అందరి ముందూ అరిచాను గనక, ఈసారీ అందరి ముందే తప్పు నాదన్నాను. మద్రాసు డాక్టరుకి కూడా రాశాను. కానీ బీదవాళ్లకి ఈ మిషన్లు అందకపోవడం మీద నా పోరాటం నాకుంది, అది వేరు.

కరపత్రాలు వెనక్కి తెచ్చుకుందామని అమృతవల్లక్క అరుగుకి పరుగెత్తాను. కట్టల్లేవు. "మంచి గట్టి కాయితం తమ్ముడూ, నూనె పీలస్తా ఉండాది" అంది. వారం నుంచీ వీధికంతా తను అమ్మే వడలు వాటిలోనే కట్టిస్తోంది. ఇంటికొస్తే మామయ్య వడ తింటూ, కళ్లజోడు పెట్టుకుని, పొట్లం విప్పి పైకి చదువుతున్నారు: "'ఈ దుర్మార్గానికి బలైన రామభద్రరావు అనే అమాయకుడు...' ఒరేయ్, అమాయకుడు ఎవడ్రా?"

ఆదివారం మళ్లీ మైదానానికి వెళ్లాం. ఎడంచేత్తో విసిరిన గుండు చెక్క గోళీని ముద్దుపెట్టుకున్నట్టు ఆగింది. ఏలుమలై ఒప్పుకోలేదు. "మిషను పెట్టుకోని ఆడేది న్యాయమా సామీ? నాకూ ఒకటి పెట్టించు, అప్పుడు జూద్దాం" అని జట్టు మారిపోయాడు.

ఇక నువ్వు నామీద పెట్టిన బరువు. రెండు రోజులు ఆలోచించాను. చెప్పకుండా ఉండటం నా వల్ల కాదు. నీలా మధ్యలో నిలబడే శక్తి నాకు లేదు, దాచిన నిజం కుళ్లుతుందనే ఇప్పటికీ అంటాను. కానీ ఈసారి అరవలేదు. సాయంత్రం వరండాలో ఆయన పక్కన కూర్చుని, ఎడమచెయ్యి నా చేతిలోకి తీసుకుని, నాడి మీద వేళ్లు పెట్టి, అప్పుడు చెప్పాను. నెలలు నిండకుండా కాన్పయిన సంగతి, గాజుపెట్టె, ఎనిమిదో నెల మాటలు, నువ్వు ఒక్కదానివే అన్ని రాత్రులు కూర్చున్న సంగతి, పెట్టెలోంచి తీశారన్న సంగతి. ఒక్కటీ వదల్లేదు.

ఆయన పెదవి అదిరింది. గడ్డం అదిరింది. రెండో చెయ్యి కుర్చీ అంచుని వెతుక్కుంది. పైన ఏం జరుగుతోందో నాకు కనిపిస్తూనే ఉంది, అత్తయ్యా. నా వేళ్ల కింద మాత్రం ఆ నాడి ఒక్క అడుగు తడబడలేదు, ఒక్క అడుగు తొందరపడలేదు. ఆయన ఏడుస్తున్నంతసేపూ అది అలా నడుస్తూనే ఉంది.

ముక్కు ఎగబీల్చి, "ఎవరి పోలికట?" అన్నారు.

"రాయలేదు మామయ్యా."

"అడుగు. ఇంకా ఎంతసేపురా ఆ చెయ్యి? నాడి చూడటం అయితే వదులు, కళ్లు తుడుచుకోవాలి."

వదిలాను. ఎడంచేతి వాటం కదా.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. చూసే రాస్తున్నాను.

కామరాజు